పక్షవాతం రిహాబ్ అయ్యాక ఎక్కడికి తీసుకెళ్లాలి? డిశ్చార్జ్‌కు ముందే తేల్చుకోవడం ఎలా

పక్షవాతం వచ్చిన మనిషి రిహాబ్‌లో (ఫిజియోతో మళ్లీ పనులు నేర్పించే సెంటర్లో) నాలుగు వారాలో ఆరు వారాలో ఉన్నాక, ఒకరోజు రౌండ్స్‌కొచ్చిన డాక్టర్ "ఎల్లుండి డిశ్చార్జ్ చేసేస్తాం" అంటారు. చాలా ఇళ్లలో ఆ మాట విన్నాకే ఫోన్లు మొదలవుతాయి. సొంతింటికా, పెద్దోడి దగ్గరికా, ఆయాను పెట్టుకుందామా, కేర్ హోమ్ ఏదైనా చూద్దామా? రెండు రోజుల్లో తేలే సంగతి కాదది. హడావిడిగా తేల్చేస్తే పది పదిహేను రోజులకే నడుము కింద పుండుతోనో, పొలమారి పట్టుకున్న న్యుమోనియాతోనో మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కాల్సి వస్తుంది. అందుకే రిహాబ్‌లో చేరిన మొదటి వారంలోనే ఈ పని మొదలుపెట్టండి.

చూడ్డానికి వచ్చిన వాళ్లంతా "చెయ్యి ఎంతవరకు లేస్తోంది?" అని అడుగుతారు. మనిషి ఎక్కడ ఉండాలన్నది చెయ్యి తేల్చదు. సాయం పట్టే మనిషి ఇంట్లో ఉన్నారా, బాత్రూమ్‌కు ఎంత సాయంతో వెళ్లగలరు, మింగడం ఎలా ఉంది, తన పరిస్థితి తనకు తెలుస్తోందా అన్న నాలుగే తేలుస్తాయి. ఇల్లు, డబ్బు వీటి తర్వాతే వస్తాయి. స్ట్రోక్ తర్వాత ఎవరు ఇంటికి వెళ్తున్నారు, ఎవరు వెళ్లలేకపోతున్నారు అని వేర్వేరు దేశాల్లో చేసిన అధ్యయనాల్లోనూ వయసుతో పాటు మళ్లీ మళ్లీ కనిపించేవి దాదాపు ఇవే.

1. మొదటి వారం: స్కోరు అడిగి రాసుకోండి

"బాగానే ఉన్నారు, ఇంప్రూవ్ అవుతున్నారు" అన్న మాటతో ఏ ఏర్పాటూ చేసుకోలేరు. ఫిజియోను గానీ డాక్టర్ను గానీ బార్తెల్ స్కోరు ఎంతో అడగండి. తినడం, స్నానం, బట్టలు, మల మూత్రాల అదుపు, మంచం మీంచి కుర్చీకి మారడం, నడక, మెట్లు వంటి 10 పనులకు వేసే మార్కులివి. మొత్తం 100. స్థూలంగా చెప్పాలంటే, 60 దాటిన మనిషిని ఇంట్లో ఒకరి సాయంతో నెట్టుకురావచ్చు. అంతకన్నా బాగా తక్కువుంటే ఒక్కరి వల్ల కాదు. కొన్ని చోట్ల ఫిమ్ అనే స్కోరు వాడతారు. అందులో 18 పనులు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు, మొత్తం 18 నుంచి 126 దాకా.

ఫిమ్‌లో మొత్తం కన్నా విడి మార్కులే మీకు పనికొస్తాయి. 7 అంటే పూర్తిగా సొంతంగా, 6 అంటే కర్రో వాకరో పట్టుకుని సొంతంగా. 5 అంటే చెయ్యి వెయ్యక్కర్లేదు గానీ పక్కన మనిషి ఉండాలి. 4 అంటే పనిలో ముప్పావు వంతు తనే చేసుకుంటారు, మిగతాది మీరు పట్టాలి. 1 అంటే పావు వంతు కూడా తను చేయలేరు, బరువంతా మీదే. చాలామంది పొరబడేది 5 దగ్గరే. "ఇప్పుడు తనే లేస్తున్నారు" అని సంబరపడి పగలంతా ఒంటరిగా వదిలి ఆఫీసుకు వెళ్లిపోతారు. 5 ఉన్న పనికి ఒక మనిషి కావాల్సిందే, కాకపోతే ఆ మనిషి బరువు మోయక్కర్లేదు.

ప్రతి వారం అదే స్కోరు మళ్లీ అడగండి. ఈ వారం ఎంతుందన్నది ఎంత ముఖ్యమో, పోయిన వారం కన్నా ఎంత పెరిగిందన్నదీ అంతే ముఖ్యం. కోలుకోవడం మొదటి 3 నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. రెండో నెలలో స్కోరు ఇంకా చురుగ్గా పెరుగుతుంటే రోజూ ఫిజియో దొరికే చోటే ఆ మనిషికి సరైన చోటు, అది మీ ఇల్లయినా కాకపోయినా.

2. చేతుల లెక్క వేయండి

ఒక కాగితం మీద 24 గంటలూ గీసి, ఏ గంటకు ఎవరు ఉంటారో పేరు రాయండి. "అందరం ఉన్నాంలే" అనే ఇంట్లో ఈ కాగితం నింపితే రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా ఒక్క పేరూ ఉండదు, లేదా అన్ని గళ్లలోనూ ఒకే ఆడమనిషి పేరు ఉంటుంది. మంచం మీదున్న మనిషిని రాత్రి కూడా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఆ పని చేసి పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లే మనిషి వారం నిలబడగలరు, నెల నిలబడలేరు.

లెక్కలో మూడు తప్పులు జరుగుతాయి. మొదటిది, 68 ఏళ్ల భార్యను ఒక పూర్తి మనిషిగా లెక్కేయడం. ఆమెకూ మోకాళ్ల నొప్పులుంటాయి, బీపీ ఉంటుంది. 75 కిలోల మనిషిని లేపబోయి ఆమె పడితే ఇంట్లో ఇద్దరు మంచం పడతారు. ఆమెను తినిపించడానికి, మందులకు, మాట తోడుకు లెక్కేయండి, ఎత్తడానికి మాత్రం వద్దు. రెండోది, కోడలిని అడగకుండానే ఆమె పేరు రాసేయడం. మామగారికి స్నానం, మలమూత్రాల పని కోడలు చేయడం ఆమెకూ కష్టం, ఆయనకు అంతకన్నా కష్టం. సిగ్గుపడి ఆయన నీళ్లు తాగడం మానేస్తారు, బిగబట్టుకుంటారు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. ఈ పనికి కొడుకో, మగ అటెండెంటో ఉండాలని ముందే తేల్చుకోండి. మూడోది, అటెండెంట్ సెలవులు. వారానికి ఒక రోజు, పండగలకు నాలుగు రోజులు ఎవరు చేస్తారో కూడా కాగితం మీద ఉండాలి.

"కొడుకు ఉండగా కూతురింట్లోనా?" అన్న మాట ఇక్కడ చాలామంది గొంతుకు అడ్డం పడుతుంది. ఎత్తే చేతులు ఎవరివో వాళ్లింట్లోనే మనిషి బాగుంటారు, నిర్ణయంలో పెద్ద మాట కూడా వాళ్లదే కావాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు వీడియో కాల్లో తీర్పు చెప్పే కన్నా దూరం నుంచి చేయగలిగిన పనులు తీసుకోవడం మేలు. ఇన్సూరెన్స్ కాగితాలు, ఫిజియో వచ్చిన రోజుల లెక్క, కేర్ హోమ్ ఒప్పందం చదవడం, అటెండెంట్ జీతం, రోజూ ఒక గంట మాట్లాడటం అన్నీ అక్కణ్నుంచే అవుతాయి.

నెలకొకరింట్లో వంతులు పెట్టుకోవడం కనీసం మొదటి 3 నెలలైనా వద్దు. కొత్త మంచం ఎత్తు, కొత్త బాత్రూమ్, కొత్త ఫిజియో, కొత్త చేతులతో ప్రతి మార్పుకూ నేర్చుకున్నది కొంత పోతుంది. వంతులు వేసుకోవాలంటే మనిషిని ఒకచోటే ఉంచి చూసుకునేవాళ్లు మారండి.

3. మూత్రం సంగతి ఆసుపత్రిలోనే తేలాలి

ఇంటికి పంపాలనుకున్న మనిషిని కేర్ హోమ్‌కు మళ్లించేది చాలాసార్లు కాలు కాదు, పక్క తడవడమే. యూరిన్ పైపుతోనే డిశ్చార్జ్ చేస్తామంటే ఎందుకని అడగండి. పైపు తీసి చూశారా, మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో స్కాన్ చేశారా? తీయగలిగిన పైపును తీయకుండా ఇంటికి తెచ్చుకుంటే ఇన్ఫెక్షన్‌ను వెంట తెచ్చుకున్నట్టే.

పైపు తీశాక పగలు రెండు గంటలకోసారి, అడిగినా అడగకపోయినా, బాత్రూమ్‌కో కమోడ్ కుర్చీకో తీసుకెళ్లే అలవాటు రిహాబ్‌లోనే మొదలుపెట్టించండి. మూడు రోజులు టైము, తడిసిందా లేదా అన్నది రాస్తే వేళలు తెలిసిపోతాయి. నీళ్లు తగ్గించొద్దు. రాత్రి ఏడు దాటాక మాత్రం తగ్గించుకోవచ్చు. డైపర్ రాత్రికి సరే గానీ పగలంతా డైపరే అయితే అడగడం మానేస్తారు, చర్మం నానుతుంది, పుండు మొదలవుతుంది.

4. మింగడం

ముక్కులోంచి ఆహారం పోసే పైపుతో ఇంటికి వెళ్తున్నారా, నోటితో తింటున్నారా అన్నదాన్ని బట్టి ఎవరు చూసుకోగలరన్నది మారిపోతుంది. స్పీచ్ థెరపిస్ట్‌తో మింగే పరీక్ష చేయించకుండా డిశ్చార్జ్ ఒప్పుకోవద్దు. దగ్గు రాకపోతే అంతా బాగున్నట్టు కాదు. కొందరిలో దగ్గు రాకుండానే మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. తిన్నాక గొంతు తడిగా గరగరమంటుంటే, సాయంత్రాలు జ్వరం తగులుతుంటే అనుమానించండి.

మన వంటింట్లో ఒక పెద్ద పొరపాటు చారన్నం. మెత్తగా ఉంటుంది కదా అని పెడతారు. నీళ్లలాంటి చారు ముందు జారిపోతుంది, మెతుకులు నోట్లో మిగులుతాయి. రెండు రకాలను ఒకేసారి అదుపు చేయడం బలహీనపడిన గొంతుకు అన్నిటికన్నా కష్టం. పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, టీ కూడా అంతే. థెరపిస్ట్ ఒప్పుకుంటే ముద్దపప్పు వేసి మెత్తగా పిసికిన అన్నం, గట్టి పెరుగు, నీళ్లు తక్కువ పోసిన రాగి సంకటి లాంటివి ఒకే చిక్కదనంతో పెట్టండి. తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకే ఇంకోటి. బలహీనమైన వైపు బుగ్గలో మెతుకులు దాక్కుంటాయి, చివర్లో వేలితో కాకుండా తడిబట్ట చుట్టిన చెంచాతో చూడండి. తిన్నాక 30 నిమిషాలు పడుకోబెట్టొద్దు. ముక్కు పైపుతో పోసినా ఇదే నియమం.

5. తనకు తెలుస్తోందా

కుడి మెదడు దెబ్బతిని ఎడమ వైపు పడిపోయిన వాళ్లలో కొందరికి ఎడమ పక్క ప్రపంచమే ఉండదు. కంచంలో కుడి సగం తినేసి ఎడమ సగం వదిలేస్తారు, వీల్‌చెయిర్‌ను ఎడమ గోడకు గుద్దేస్తారు, "నాకేం కాలేదు, నడుస్తాను" అని లేచి పడతారు. మాట చక్కగా ఉండటంతో చుట్టాలకు అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. నడక మార్కులు బాగున్నా ఇలాంటి మనిషిని ఒక్క గంట కూడా ఒంటరిగా ఉంచకూడదు. మీరు కూర్చుని మాట్లాడేది ఎడమ పక్క నుంచి, బెల్లు మాత్రం కుడి చేతికి అందేలా.

కుడి వైపు పడిపోయి మాట పోయినవాళ్లది వేరే ఇబ్బంది. చాలామందికి విషయం తెలుస్తుంటుంది, చెప్పలేరు. వాళ్లు ఫోన్ చేయలేరు, కేక వేయలేరు. నీళ్లు, బాత్రూమ్, నొప్పి, చలి లాంటి పది బొమ్మలు అట్ట మీద అంటించి ఎక్కడికి వెళ్లినా వెంట పంపండి. కొత్త అటెండెంట్‌కు ఆ అట్టే భాష.

6. డిశ్చార్జ్‌కు వారం ముందు: మీ చేతులతో చేసి చూడండి

చూసి నేర్చుకోవడం వేరు. ఫిజియో చేస్తుంటే తేలిగ్గా అనిపించినది ఇంట్లో రాదు. ముఖ్యంగా మంచం మీంచి వీల్‌చెయిర్‌కు మార్చడం. ఎడమ వైపు పడిపోయిన మనిషికి ఇలా:

కుర్చీని బాగున్న కుడి పక్కకు, మంచానికి కాస్త ఏటవాలుగా ఆనించి పెట్టండి. బ్రేకులు రెండూ వేయండి, పాదాల పలకలు పైకి మడవండి. మనిషిని మంచం అంచుకు జరిపి, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా, మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి పెట్టించండి. మీరు ఎదురుగా నిలబడి, పడిపోయిన మోకాలు మడత పడకుండా మీ మోకాలితో అడ్డుకోండి. పట్టుకునేది నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టును. చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు, పడిపోయిన చెయ్యి పట్టి అసలే లాగకూడదు. కండరాల పట్టు లేని ఆ భుజం కీలు జారిపోతుంది, ఆ నొప్పితో నెలల తరబడి వ్యాయామం ఆగిపోతుంది. "ముందుకు వంగండి" అని ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేదాకా వంచి, ఒకటి రెండు మూడు లెక్కపెట్టి లేపండి. నిలబడ్డాక ఒక్క క్షణం ఆగండి. కుడి చేత్తో కుర్చీకి అవతలి వైపున్న చేతి ఆసరాను పట్టుకోమని, చిన్న చిన్న అడుగులతో తిరిగి, కాళ్ల వెనక కుర్చీ తగిలాక మెల్లగా కూర్చోబెట్టండి.

తిరిగి మంచానికి వచ్చేటప్పుడు కుర్చీని తిప్పి పెడితేనే బాగున్న పక్క మంచం వైపు ఉంటుంది. ఇది మరిచిపోయి బలహీనమైన పక్కకు దించబోయి పడేసే వాళ్లే ఎక్కువ. బాత్రూమ్ ఇరుకై తిప్పే చోటు లేకపోతే రెండు వైపులకూ మార్చడం ఫిజియో దగ్గర నేర్చుకోండి.

ఆ తర్వాత 24 గంటల పరీక్ష. రిహాబ్ గదిలోనే ఒక పగలు, ఒక రాత్రి నర్సు, ఆయా చెయ్యి వేయకుండా అన్నీ మీరే చేయండి, వాళ్లు చూస్తుంటారు. తిప్పడం, తినిపించడం, శుభ్రం చేయడం, మందులు, రాత్రి లేవడం అన్నీ. సెంటర్ వాళ్లను ముందే అడిగి పెట్టుకోండి. మరునాడు పొద్దున మీ ఒళ్లు ఎలా ఉందో చూసుకుంటే, ఇంటికా ఇంకెక్కడికా అన్న ప్రశ్నకు ఎవరూ ఇవ్వలేని జవాబు దొరుకుతుంది.

7. ఇల్లు కొలవండి

టేపు తీసుకెళ్లండి. మామూలు వీల్‌చెయిర్ చక్రాలతో కలిపి 24 నుంచి 26 అంగుళాలు ఉంటుంది. బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీని కొలవండి, ద్వారబంధాన్ని కాదు. 32 అంగుళాలుంటే హాయి, 26 లోపుంటే వీల్‌చెయిర్ పోదు. అప్పుడు చక్రాల కమోడ్ కుర్చీ వాడాలి, అది సన్నగా ఉంటుంది.

మెట్టుకు ర్యాంపు వేయాలంటే ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు కావాలి. 6 అంగుళాల మెట్టుకు 6 అడుగులు. పాతకాలపు ఇల్లు రెండు అడుగుల అరుగు మీదుంటే 24 అడుగులు కావాలి, అంత చోటు చాలా ఇళ్లకు ఉండదు. అలాంటప్పుడు ముందు గదిలోనే మంచం వేసి, రోజూ బయటికి తిప్పడం మానేసుకోవాలి, లేదా కింది అంతస్తు ఇల్లు అద్దెకు చూసుకోవాలి. నిలువు ర్యాంపు వేసి కుర్చీ వెనక్కి జారి పడేసేకన్నా అదే నయం. గడపకు రెండు వైపులా చెక్క వాలు చాలు.

మంచం ఎత్తు కూర్చుంటే పాదాలు నేలకు ఆనేలా, సుమారు 18 నుంచి 20 అంగుళాలు. కింద కూర్చునే లెట్రిన్ ఉంటే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ కొనండి. పట్టుకునే కడ్డీలు బాగున్న చేతి వైపు, గోడలోకి బోల్టులు దింపి బిగించాలి. టవల్ రాడ్ పట్టుకుని లేవబోతే అది ఊడి చేతికొస్తుంది. గోనెపట్టాలు, కాళ్లు తుడుచుకునే గుడ్డలు తీసేయండి. ఇల్లు సరిచేయడం ఈ మొత్తంలో తేలిక పని. "బాత్రూమ్ చిన్నది" అని మాత్రమే మనిషిని దూరం పంపకండి.

8. ఎక్కడికి

ఇంట్లో రాత్రీ పగలూ ఒక చెయ్యి ఉండి, మనిషి కూర్చుని నిలబడగలుగుతూ, ఒక్కరి సాయంతో కమోడ్‌కు మారగలిగితే ఇల్లే మేలు. ఇద్దరి సాయం కావాలంటే ఇల్లు ప్లస్ అటెండెంట్. ఊపిరి కోసం గొంతుకు పెట్టిన పైపు ఉండి కఫం లాగాల్సి వస్తే మామూలు ఆయా సరిపోరు, శిక్షణ ఉన్న నర్సు ఉండాలి. ఊళ్లో విశాలమైన ఇల్లు, చుట్టూ మనుషులు ఉన్నా వారానికి మూడు నాలుగుసార్లు ఫిజియో రాలేకపోతే మొదటి 3 నెలలు టౌనులో ఉండి తర్వాత ఊరికి వెళ్లండి.

స్కోరు ఇంకా పెరుగుతున్నా ఇంట్లో చేతులు చాలకపోతే మరికొన్ని వారాలు రిహాబ్ సెంటర్లోనో, ఆసుపత్రికీ ఇంటికీ మధ్య కొన్నాళ్లు ఉంచే ట్రాన్సిషన్ కేర్‌లోనో ఉంచడం సరైన దారి. వృద్ధాశ్రమం వేరు. చాలా వృద్ధాశ్రమాలు తమ పనులు తామే చేసుకోగలిగిన వాళ్లనే చేర్చుకుంటాయి. మంచం మీదున్నవాళ్లను తీసుకుంటామనే కేర్ హోమ్‌కు వెళ్తే రాత్రి తొమ్మిదింటికి, చెప్పకుండా వెళ్లండి. రాత్రి ఎంతమందికి ఎందరు ఉన్నారు? తిప్పిన వేళలు రాసిన కాగితం మంచం దగ్గర ఉందా? ఫిజియో వారానికి ఎన్నిసార్లు, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు? ఒంట్లో బాగోకపోతే ఏ ఆసుపత్రికి, ఎవరు తీసుకెళ్తారు? మధ్యలో తీసుకెళ్తే అడ్వాన్సు వెనక్కి ఇస్తారా? ముక్కుకు మూత్రం వాసన తగిలిందంటే ఇవేవీ అడగక్కర్లేదు.

9. డబ్బు

ఆరోగ్య బీమా పాలసీల్లో "రెస్ట్ క్యూర్, రిహాబిలిటేషన్, రెస్పైట్ కేర్" అనే మినహాయింపు ఉంటుంది, దాని కోడ్ 05. స్నానం, బట్టలు, కదలడం లాంటి వాటికి సాయం చేసే మనిషి ఖర్చు అందులోకి వస్తుంది కాబట్టి అటెండెంట్ జీతం, కేర్ హోమ్ ఫీజు బీమా ఇస్తుందని లెక్కేసుకోకండి. ఫిజియో, మందులకు డిశ్చార్జ్ తర్వాతి ఖర్చుల కింద ఎన్ని రోజులు వస్తుందో పాలసీలో చూడండి. నెల ఖర్చులో అటెండెంట్, ఫిజియో, రోజుకు నాలుగైదు డైపర్లు, మందులు, చెకప్‌కు కారు అన్నీ రాయండి. ఆ లెక్క మూడు నెలలకు కాకుండా ఏడాదికి వేయండి. నాలుగో నెలలో డబ్బు అయిపోయి మనిషిని మార్చాల్సి రావడం అన్నిటికన్నా చెడ్డ మార్పు.

వైకల్య సర్టిఫికెట్‌కు (సదరం) కోలుకునే దశ దాటాక పరీక్షిస్తారు, 40 శాతం వైకల్యం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో పూర్తిగా మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైన వాళ్లకు 15,000. తెలంగాణలో ఆసరా కింద 4,016. కాగితాలకు నెలలు పడతాయి, సచివాలయంలోనో మండల ఆఫీసులోనో ముందే అడిగి పెట్టుకోండి.

10. వెళ్లే రోజు, ఆ తర్వాత

డిశ్చార్జ్ కాగితంలో చివరి స్కోరు, ఆహారం ఏ చిక్కదనంలో, బీపీ ఎంతలో ఉంచాలి, రక్తం పల్చబడే మందు ఏది, ఎంతకాలం, వ్యాయామాల జాబితా, మళ్లీ చూపించుకునే తేదీ ఉండాలి. బీపీ మెషిన్ ఇంటికి ముందే రావాలి. బయట ఎవరో నాటు మందు చెప్పారని బీపీ, రక్తం పల్చబడే మాత్రలు ఆపితే రెండో స్ట్రోక్ వచ్చే ముప్పు పెరుగుతుంది, వస్తే ఆ దెబ్బ మొదటిదాని మీద పడుతుంది. మళ్లీ మూతి వంకర పోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, అందరికీ అది పనికిరాదు కూడా, ఆ సంగతి ఆసుపత్రిలోనే తేలాలి.

మొదటి నెలలో మనిషి ముఖం చూడండి. స్ట్రోక్ వచ్చిన వాళ్లలో సుమారు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. తినకపోవడం, వ్యాయామానికి రానని గోడ వైపు తిరిగి పడుకోవడం మొండితనం కాదు, దానికి మందు ఉంది. చూసుకుంటున్న మనిషికీ వారానికి ఒక పూట పూర్తి సెలవు ఇవ్వండి, పేరు రాసి మరీ.

డిశ్చార్జ్ తేదీకి సరిగ్గా మూడు నెలల తర్వాతి తేదీని క్యాలెండర్‌లో గుండ్రంగా గీసి పెట్టండి. ఆ రోజు బార్తెల్ మళ్లీ వేయించి, 24 గంటల కాగితం మళ్లీ నింపండి. మొదట కేర్ హోమ్‌కు వెళ్లినవాళ్లు అప్పుడు ఇంటికి రావచ్చు. ఇంట్లో ఉన్నవాళ్లకు అటెండెంట్ గంటలు సగానికి తగ్గవచ్చు, లేదా ఇన్నాళ్లూ ఒంటిచేత్తో మోసిన మనిషికి ఇక తోడు పెట్టాల్సిందేనని తేలవచ్చు.